తప్పుడు ప్రచారాన్ని ప్రభుత్వం అదుపు చేయాలా? చేస్తే ఎక్కడిదాకా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వాన ముమ్మరంగా పడుతున్న రాత్రి "సోమశిల కట్టకు గండి పడింది, పెన్న ఒడ్డున ఉన్నోళ్ళు వెంటనే ఖాళీ చెయ్యండి" అని కోవూరు వైపు గ్రూపుల్లో ఒక ఆడియో తిరిగింది. ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ వెంటబెట్టుకుని జనం చీకట్లో రోడ్డెక్కారు. తీరా చూస్తే అది పచ్చి అబద్ధం. ఇలాంటివి పెట్టేవాళ్ళను జైలుకు పంపే గట్టి చట్టం తేవాలని మీరూ మీ స్నేహితులూ కలెక్టర్‌కు వినతిపత్రం రాస్తున్నారు. మీ బాబాయి గారేమో "అట్టాంటి చట్టమొస్తే ముందు మన నోరే మూస్తారు" అని సంతకం పెట్టనన్నారు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట అని అడిగారు.

నేను నెల్లూరు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన కేసుల్లో రెండు ప్రధాన పార్టీల వాళ్ళ తరఫునా వాదించాను. ఏ పార్టీతో సంబంధం లేని మామూలు మనుషుల తరఫున వాదించినవే ఎక్కువ. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోకూడదు, జోక్యం చేసుకోవాల్సిందే. కానీ ఏది నిజం, ఏది అబద్ధం అని తేల్చే అధికారం మాత్రం దాని చేతికి ఇవ్వకూడదు. అబద్ధం ఎవరి డబ్బుతో, ఎంత వేగంతో, ఏ కంపెనీ యంత్రాంగం మీద పరుగెత్తుతోందో ఆ దారిని అదుపు చేయాలి. దానివల్ల మనిషికి హాని జరిగితే, ఆ హానికి శిక్ష వేయాలి. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

చట్టం లేకపోవడం వల్లే ఇలా జరుగుతోందని మీ వినతిపత్రంలో మొదటి వాక్యం రాశారు. అది కొట్టేయండి. మీరు చెప్పిన ఆడియోకు అచ్చంగా సరిపోయే సెక్షన్ 2005 నుంచీ ఉంది. విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి గానీ, దాని తీవ్రత గురించి గానీ తప్పుడు హెచ్చరిక చేసినా, దాన్ని వ్యాప్తి చేసినా, దానివల్ల జనంలో భయాందోళన పుడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా. ఇది కాక, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్ ఉంది. పుకార్లతో జనాన్ని భయపెట్టి నేరానికి పురిగొల్పడం, ఒక వర్గం మీదకి ఇంకో వర్గాన్ని ఉసిగొల్పడం దాని కిందకి వస్తాయి. కులాలు, మతాల మధ్య చిచ్చు పెడితే 196. పరువు తీస్తే 356. మరొకరి పేరు పెట్టుకుని ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి. సెక్షన్ల కొరత మనకు ఎప్పుడూ లేదు.

54వ సెక్షన్‌లో జనానికి తెలియని సంగతులు రెండున్నాయి. మొదటిది, కాగితం మీద అది ఆడియో తయారుచేసినవాడినీ, భయపడి అక్కకు ఫార్వర్డ్ చేసిన ఇల్లాలినీ ఒకే గాటన కడుతుంది. రెండోది, అదే చట్టం 60వ సెక్షన్ ప్రకారం కోర్టు ఆ నేరాన్ని విచారణకు తీసుకోవాలంటే విపత్తు నిర్వహణ అధికారులో ప్రభుత్వమో ఫిర్యాదు చేయాలి. లేదా, ఫిర్యాదు చేయబోతున్నానని ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చిన వ్యక్తి అయినా చేయొచ్చు. జిల్లాలో ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరే. అంటే మీ వినతిపత్రం సరైన చోటికే వెళుతోంది, అందులో అడుగుతున్నదే సరిగ్గా లేదు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. "అబద్ధం పెట్టినోడిని లోపలెయ్యాలి" అనడం తేలిక. అది అబద్ధమని ఎవరు తేలుస్తారు, ఏ రోజున తేలుస్తారు?

మన కృష్ణపట్నం చూడండి. 2021 మే నెల, కరోనా రెండో అల. ముత్తుకూరు మండలంలోని ఆ ఊళ్ళో ఆనందయ్య గారు ఇస్తున్న మందు గురించి ఫోన్లన్నీ మోగిపోయాయి. కళ్ళల్లో చుక్కలు వేయగానే ఆక్సిజన్ స్థాయి పెరిగిందనే వీడియోలు రాష్ట్రాలు దాటాయి. మే 21న జనం వేలల్లో వచ్చిపడ్డారు, అంబులెన్సుల్లో పేషెంట్లను కూడా తెచ్చారు. పంపిణీ ఆపేశారు. తర్వాత కేంద్ర ఆయుష్ పరిధిలోని పరిశోధనా సంస్థ చేత పరిశీలన చేయించారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది. వాటితో కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదనీ, వాడితే హాని లేదనీ, డాక్టర్లు ఇచ్చిన మందులు మానొద్దనీ ఆ రోజు చెప్పింది. ఇదంతా పది రోజుల్లో జరిగింది.

ఇప్పుడు మీరు కోరుతున్న చట్టం అప్పటికే ఉందనుకుందాం. మే 20న "ఈ మందు పనిచేస్తుంది" అని రాసినవాడిని లోపల వేయాలా, "నమ్మొద్దు, ప్రమాదం" అని రాసినవాడిని వేయాలా? ఆ వారం ఊళ్ళో ఎవరికి బలముందో వాళ్ళకి నచ్చనివాడు జైలుకు వెళ్ళేవాడు. నా వరకు నేను, శాస్త్రీయ పరీక్ష లేని మందు కోసం ఊపిరాడని పేషెంటును ఆసుపత్రి మంచం దింపి తీసుకెళ్ళడం ఘోరమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ మాట నేను స్వేచ్ఛగా అనగలగడానికి కారణం, ఆ విషయంలో ఏది నిజమో ముందే తేల్చేసి నోళ్ళు మూయించే అధికారి లేకపోవడమే. మంచం దింపమని డబ్బు తీసుకుని ప్రచారం చేసినవాడు ఉంటే, అతని మీద కేసు పెట్టడానికి మోసం సెక్షన్ చాలు.

అదే రెండో అలలో ఇంకో ముఖం కూడా చూశాం. ఆక్సిజన్ లేదు, బెడ్లు లేవు అని జనం ట్విట్టర్‌లో, ఫేస్‌బుక్‌లో గోడు వెళ్ళబోసుకుంటుంటే కొన్ని రాష్ట్రాల్లో అవి పుకార్లని కేసుల మాట ఎత్తారు. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: పౌరులు తమ కష్టం సోషల్ మీడియాలో చెప్పుకుంటే దాన్ని తప్పుడు సమాచారంగా భావించి అణిచేయకూడదు, అలా చేస్తే కోర్టు ధిక్కారంగా చూస్తాం అని. గుర్తుంచుకోండి, ఆ రోజు పుకారు అని ముద్ర వేయబోయింది ప్రభుత్వాలే. బెడ్ దొరకలేదన్న మనిషి చెప్పింది నిజం.

ఒకే మాట ఒక ఏడాది అబద్ధం, ఇంకో ఏడాది సగం నిజం కూడా కావచ్చు. 2020 మొదట్లో "కోడి తింటే కరోనా వస్తుంది" అనే ఫార్వర్డ్‌తో రెండు తెలుగు రాష్ట్రాల్లో చికెన్ ధర పడిపోయింది. కోళ్ళ ఫారాల రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. హైదరాబాద్‌లో మంత్రులు జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అది అబద్ధమే. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళు కుప్పలుగా చచ్చిపోయాయి. శాంపిళ్ళలో బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టుపక్కల చికెన్ దుకాణాలు అధికారులే మూయించారు. పరీక్ష ఫలితం రాకముందే "మా ఊళ్ళో కోళ్ళు చస్తా ఉండాయి, ఎవరూ కొనబాకండి" అని వాట్సాప్‌లో పెట్టిన రైతు కొడుకు పుకారు పుట్టించినట్టా, జనాన్ని కాపాడినట్టా? కఠిన చట్టం చేతిలో ఉన్న ఎస్ఐకి ఫలితం వచ్చేదాకా ఆగే ఓపిక ఉంటుందని నేను అనుకోను.

మీ సోమశిల ఆడియో దగ్గర కూడా ఇదే ఇబ్బంది ఉంది. 2021 నవంబర్‌లో ఏం జరిగిందో మీ ఊరికి నేను చెప్పక్కర్లేదు. పెన్న పోటెత్తి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. దానికి ఒకట్రెండు రోజుల ముందు, నవంబర్ 19 తెల్లవారుజామున, రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నిజంగానే తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట లాంటి ఊళ్ళ మీదకి నీళ్ళు వచ్చిపడి పదుల మంది పోయారు. ముందు రోజు సాయంత్రం ఆ ఊళ్ళలో ఎవరైనా "కట్ట ఆగేట్టు లేదు, బయటికి రండి" అని ఆడియో పెట్టి ఉంటే? ధృవీకరణ లేని హెచ్చరిక నేరం అనే భయంతో ఆ మనిషి పెట్టకుండా మానేసి ఉంటే? అబద్ధపు హెచ్చరిక వల్ల జనం ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుంటారు, తొక్కిసలాట జరిగితే ప్రాణాలు కూడా పోవచ్చు. ఆ హాని చిన్నదని నేను అనను. కానీ నిజమైన హెచ్చరిక చెప్పడానికి కూడా నోరు పెగలని ఊరు ఇంకా ప్రమాదంలో ఉంటుంది. అందుకే తెలిసి తెలిసి ఆడియో తయారుచేసిన మనిషిని వేరుగా, నమ్మి పంపినవాళ్ళను వేరుగా చూడాలి. కొత్త చట్టం కాదు, 54వ సెక్షన్‌ను ఈ తేడాతో వాడమని కలెక్టర్‌ను అడగండి.

రాజ్యాంగం సంగతి కూడా తెలుసుకుంటే మీ బాబాయి గారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 19వ అధికరణం మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది, దానికి పరిమితులు ఏ కారణాల మీద పెట్టొచ్చో కూడా రెండో క్లాజులో వరసగా రాసింది: దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం. ఒక మాట తప్పు కావడం అనేది మాత్రమే ఆ జాబితాలో లేదు. ఆ తప్పు మాట వీటిలో ఒకదానికి దెబ్బ తగిలించాలి.

ఈ గీత దాటిన చట్టాలు ఏమయ్యాయో చూశాం. ఐటీ చట్టంలో 66ఎ అని ఒక సెక్షన్ ఉండేది. చికాకు కలిగించే, ఇబ్బంది పెట్టే మెసేజ్ పంపితే మూడేళ్ళ జైలు. 2012లో మహారాష్ట్ర పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. ఆ తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు రాస్తూనే ఉన్నారని బయటపడి, 2022లో కోర్టు మళ్ళీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. చచ్చిన సెక్షన్ ఏడేళ్ళు మనుషుల్ని వేధించింది! కేరళలో 2020 నవంబర్‌లో అవమానించే, పరువు తీసే పోస్టులకు శిక్ష వేసేలా పోలీసు చట్టానికి 118ఎ అని ఆర్డినెన్స్ తెచ్చారు, రెండు మూడు రోజుల్లోనే జనాగ్రహం చూసి వెనక్కి తగ్గారు. 2025లో కర్ణాటకలో బయటికొచ్చిన ముసాయిదాలో తప్పుడు వార్తలకు ఏడేళ్ళ దాకా జైలు అని రాశారు. మన దగ్గరా ముందున్న ప్రభుత్వం 2021లో సొంతంగా ఫ్యాక్ట్‌చెక్ వెబ్‌సైట్ తెరిచింది, ఇప్పుడున్న ప్రభుత్వం 2025లో సోషల్ మీడియా మీద మంత్రుల బృందం వేసింది. ఏ పార్టీ కుర్చీలో ఉన్నా కోరిక ఒకటే అని చెప్పడానికే ఇవి గుర్తుచేస్తున్నాను.

కేంద్రం చేసిన ప్రయత్నం ఇంకా నేరుగా ఈ ప్రశ్నకే తగులుతుంది. 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు సవరించి, కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది తప్పుడు సమాచారమో ప్రభుత్వమే నియమించే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ చెబుతుందని పెట్టారు. ఆ యూనిట్ తప్పు అన్నదాన్ని కంపెనీలు ఉంచితే, జనం పెట్టే పోస్టులకు తాము బాధ్యులు కాకుండా వాటికి ఉన్న చట్టరక్షణ పోతుంది. కమెడియన్ కునాల్ కామ్రా, ఎడిటర్స్ గిల్డ్ బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. 2024 జనవరిలో ఇద్దరు జడ్జీలు చెరో మాట అన్నారు. మార్చి 20న కేంద్రం యూనిట్‌ను నోటిఫై చేసింది, మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. సెప్టెంబర్ 20న మూడో జడ్జి ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. తన గురించిన వార్తకు తానే తీర్పరి కావడం ఏ న్యాయసూత్రానికీ నిలవదు. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన తీర్పు అదే.

కోర్టుల్లో చివరికి న్యాయం జరుగుతుంది కదా అంటారేమో. మామూలు మనిషికి శిక్ష తీర్పు రోజున పడదు, మొదటి రోజే పడుతుంది. నేను చూసిన కేసుల్లో ఒకటి చెబుతాను, ఊరూ పేరూ చెప్పను. సముద్రం వైపు మండలంలో రొయ్యల గుంటలు చేసుకునే కుర్రవాడు. ఎవరో పంపిన వీడియోను గ్రూపులో పెట్టాడు. సాయంత్రం స్టేషన్‌కు రమ్మన్నారు, రాత్రి దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు, ఫోను సీజ్ చేశారు. అతని మేత డీలర్ లెక్కలు, బ్యాంకు, కౌంట్ రేట్లు, కొనేవాళ్ళ నంబర్లు అన్నీ ఆ ఫోన్‌లోనే. ఫోను ల్యాబ్‌కు వెళ్ళింది. నెలలు గడిచాయి. అతనికి జైలు పడలేదు గానీ, ఆ పంట పట్టుబడి సమయంలో పడిన టెన్షన్ వాళ్ళింట్లో ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు అతను గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా పెట్టడు. పక్క గుంటకు తెగులు వచ్చిందని తెలిసినా చెప్పడు.

అందుకే అరెస్టు నిబంధనలు అందరికీ తెలియాలి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు, ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. ఇది 2014 అర్ణేష్ కుమార్ తీర్పు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఆ నోటీసు విధానం ఉంది. మాటలకు, రాతలకు సంబంధించిన కేసుల్లో, మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరమైతే, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. అదే ఏడాది జులైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండ్‌కు ముందు ఇవన్నీ పాటించారో లేదో చూడాలని. మీ ఊళ్ళో ఎవరినైనా ఇలా పిలిస్తే ఆ సర్క్యులర్ సంగతి వకీలుకు గుర్తుచేయండి.

మరి ప్రభుత్వం ఏం చేయాలి? ఇక్కడ మీ బాబాయి గారితో కూడా నేను పూర్తిగా ఏకీభవించను. "ఎవరి నోరు వాళ్ళిష్టం, ప్రభుత్వానికేం పని" అంటే కుదరదు. ఎందుకంటే మన మాటలు ఇప్పుడు రచ్చబండ దగ్గర ఆగడం లేదు. ఎవరి మాట ఎవరికి, ఎంతమందికి చూపించాలో నిర్ణయించే కంపెనీలున్నాయి. జనం కోపంతోనో భయంతోనో ఎక్కువసేపు చూసేదాన్నే అవి పైకి తెస్తాయి, ఎందుకంటే ప్రకటనల డబ్బు అక్కడే ఉంది. బియ్యం కొట్టుకు వచ్చే తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ మొలకొలుకులు రుచిగా ఉన్నాయా లేవా అని చెప్పడు. కాటా సరిగ్గా ఉందా, రాళ్ళ మీద ముద్ర ఉందా అని చూస్తాడు. ప్రభుత్వం చేయాల్సిన పని అది.

దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకారు దేశమంతా పాకింది. మన దగ్గర పార్థీ గ్యాంగ్ అన్నారు. బిచ్చగాళ్ళను, మతిస్థిమితం లేనివాళ్ళను, కొత్త ముఖం కనిపిస్తే చాలు, కట్టేసి కొట్టారు. మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఐదుగురిని చంపేశారు. కేంద్రం వాట్సాప్ మీద ఒత్తిడి తెచ్చింది. ఆ నెలలోనే మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కంపెనీ కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ను ఒకసారి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. అలాంటి మెసేజ్‌ల ఫార్వర్డ్‌లు దాదాపు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. ఇందులో ఎవరి పోస్టూ తీసేయలేదు, ఎవరినీ స్టేషన్‌కు పిలవలేదు, ఏది నిజమో ఎవరూ తీర్పు చెప్పలేదు. తగ్గించింది వేగాన్ని మాత్రమే. నాకు నచ్చిన నియంత్రణ ఇదే, ఇలాంటివి ఇంకా కావాలి.

డబ్బు సంగతీ అంతే. ఎన్నికల్లో ఒక చిన్న కరపత్రం వేసినా దాని మీద ప్రింటర్ పేరు, ప్రచురించినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ చెబుతుంది. పత్రికల మీద కూడా ముద్రాపకుడి పేరు వేయాలని 1867 నుంచే చట్టం ఉంది. నెల్లూరులో చిన్న వారపత్రిక నడిపే మనిషి తన పేరు, ఊరు వేసుకుని రాయాల్సిందే. పేరు లేని పేజీలు మాత్రం ఎవరిదో డబ్బు పెట్టి పోస్టును లక్షల మందికి తోయించుకోవచ్చా? డబ్బు తీసుకుని పైకి తోసిన ప్రతి పోస్టు మీద ఆ డబ్బు ఎవరిదో కనబడాలి. ఎన్నికలప్పుడే కాదు, ఏడాది పొడుగునా. అలాగే కృత్రిమ మేధతో చేసిన ముఖాలు, గొంతుల మీద అది తయారుచేసినదని తెలిసే గుర్తు ఉండాలి. డబ్బు ఇవ్వకుండా తన మాట తాను రాసుకునే మనిషి పేరు దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇసుక రేవుల్లో అక్రమాల గురించి రాసేవాడికి ఆ దాపు అవసరం.

యూరప్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉన్న డిజిటల్ సేవల చట్టం ఈ దారిలోనే నడుస్తోంది. పెద్ద కంపెనీలు తమ వల్ల సమాజానికి వచ్చే ముప్పును తామే అంచనా వేసి నివేదిక ఇవ్వాలి, పరిశోధకులకు సమాచారం ఇవ్వాలి, తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. అందులో నాకు బాగా ఉపయోగంగా కనిపించింది, ఏ భాషకు ఎంతమంది పరిశీలకులను పెట్టారో భాషలవారీగా బయటపెట్టాలన్న నిబంధన. తెలుగుకు ఎంతమంది ఉన్నారు? దర్శి వైపు యాసలో మాట్లాడిన ఆడియోను అర్థం చేసుకునేవాళ్ళు ఉన్నారా? మన 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద కంపెనీలు నెలనెలా నివేదికలు ఇస్తున్నాయి, ఆ లెక్క కూడా అందులో ఇవ్వమని అడగాలి. సింగపూర్ దారి నేను వద్దంటాను. 2019లో వాళ్ళు తెచ్చిన చట్టం ప్రకారం మంత్రే ఒక పోస్టు తప్పని నిర్ణయించి సవరణ వేయమని ఆదేశించగలడు. మన రాజకీయాల్లో అలాంటి అధికారం ఎలా ఉపయోగపడుతుందో వేరే చెప్పాలా?

మన దగ్గర మార్చాల్సింది ఇంకొకటి ఉంది. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద పోస్టులు, ఖాతాలు నిలిపేయమని కేంద్రం ఆదేశిస్తుంది. 2009 నిబంధనల ప్రకారం ఆ ఆదేశాలు రహస్యం. ఇది కాక, పోస్టులు తీసేయమని అధికారులు కంపెనీలకు నోటీసులు పంపే సహయోగ్ పోర్టల్ ఉంది, దాని మీద ఎక్స్ కంపెనీ వేసిన కేసును కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబర్‌లో కొట్టేసింది. తీర్పును గౌరవిస్తూనే నా మాట చెబుతాను. ఎవరి పోస్టు, ఏ కారణంతో తీసేయించారో ఆ మనిషికి కాగితం మీద చెప్పాలి, అప్పీలుకు దారి ఉండాలి. ఇంటి గోడ కూల్చాలన్నా నోటీసు ఇస్తారు.

చివరిది, నా లెక్కలో జిల్లా స్థాయిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది, అధికారుల వేగం. పుకారు ఖాళీ చోట పుడుతుంది. 2024 డిసెంబర్‌లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు వైపు వరసగా మూడు రోజులు భూమి కంపించినప్పుడు "ఈ రాత్రికి పెద్దది వస్తుంది" అనే మెసేజ్‌లు నా ఫోనుకూ వచ్చాయి. భూకంపం ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. ఆ ఒక్క వాక్యాన్ని తహసీల్దారు గొంతుతో అరగంటలో ఊరూరా వినిపిస్తే జనం ఇంట్లో పడుకుంటారు. మర్నాడు పేపర్లో ప్రకటన వస్తే ఏం లాభం? వరద రాత్రి కూడా అంతే. సోమశిలలో నీటిమట్టం ఎంత, లోపలికి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని వదులుతున్నారు, ఆ నీళ్ళు నెల్లూరు ఆనకట్టకు ఎన్ని గంటలకు చేరతాయి, ఏ పొర్లుకట్ట బలహీనంగా ఉంది, ఇవి గంట గంటకూ అందరికీ తెలిసిన ఒకే చోట పెడితే, గండి పడిందన్న ఆడియోను మీ గ్రూపులో పదో తరగతి పిల్లాడే అబద్ధమని తేల్చేస్తాడు.

గ్రూపు అడ్మిన్‌గా మీ మీద కేసు పడుతుందేమో అని కూడా అడిగారు. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుడిని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అందులో మీకు భాగం లేనంతవరకే. తప్పని తెలిశాక దాన్ని మీరే మళ్ళీ పంపితే అది మీ పోస్టే. మెసేజ్‌ను వెంటనే తీసేసే ముందు ఆడియో ఫైలు, పంపిన నంబరు, వచ్చిన తేదీ, సమయం దాచిపెట్టండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఒక్కో ఫోనూ వెనక్కి అడుక్కుంటూ పోతే పోలీసులు తయారుచేసినవాడి దాకా వెళ్ళగలరు, దానికోసం అందరి చాట్లకూ ఉన్న తాళం పగలగొట్టక్కర్లేదు. ఫేస్‌బుక్, యూట్యూబ్ పోస్టులైతే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, లింకు కావాలి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి, ఆయన నిర్ణయం నచ్చకపోతే ముప్పై రోజుల్లోగా కేంద్రం వేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్ళొచ్చు.

ఇక వినతిపత్రం తిరగరాయండి. ఆడియో తయారుచేసిన వ్యక్తిని గుర్తించి 54వ సెక్షన్ కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తరఫున ఫిర్యాదు చేయించమని, నమ్మి ఫార్వర్డ్ చేసినవాళ్ళ జోలికి పోవద్దని మొదట రాయండి. సోమశిల, కండలేరు, పెన్న లెక్కలు వాన రోజుల్లో గంటకోసారి తెలుగులో ప్రకటించమని, గ్రామ సచివాలయాల దాకా అవి చేరేలా చూడమని రెండోది. డబ్బు పెట్టి పైకి తోసే పోస్టుల మీద పేరు ఉండాలనీ, తెలుగు పరిశీలకుల లెక్క బయటపెట్టాలనీ ప్రభుత్వానికి సిఫారసు పంపమని మూడోది. జైలు శిక్షల పేరా మొత్తం తీసేయండి. ఆ కాగితం మీద మీ బాబాయి గారు సంతకం పెడతారనే అనుకుంటున్నాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేటప్పుడు ఇచ్చి, అర్జీ నంబరు వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి. ముప్పై రోజుల నోటీసు మీరే ఇవ్వాల్సి వస్తే ఆ తేదీ పనికొస్తుంది.